మొగులయ్య పేరు మీద

కామాఠీపుర, పదకొండో గల్లీ,
బొంబాయి.
18 ఆగస్టు 1985

చిరంజీవి తమ్ముడు శివరాంను వజ్రమ్మక్క దీవించి రాసేది.

ఢిల్లీ పోయి అక్కను మరిచావని పోట్లాడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పోట్లాట దాచిపెట్టాను, నువ్వొచ్చినప్పుడు తీరిగ్గా పెట్టుకుందాం. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చిన పని పడింది.

మీ బావ వాళ్ళ అన్న మొగులయ్య, చిన్నప్పుడు నిన్ను భుజానికెత్తుకుని గణపతి నిమజ్జనం చూపించిన పెద్ద బావ, గుర్తున్నాడు కదా. సమ్మె తర్వాత మిల్లు పని పోయి, మూడేళ్ళు కూలీల నాకా కూడలిలో నిలబడి దొరికిన కూలికి పోయాడు. మొన్న ఫిబ్రవరిలో ఒక ఏజెంటును పట్టుకుని గల్ఫ్‌లో తిరిగే సరుకు ఓడలో ఖలాసీగా చేరాడు. జూలైలో ఆ ఓడను, అక్కడ యుద్ధం చేస్తున్న దేశం ఒకటి అడ్డగించి తమ రేవుకు తోలుకుపోయిందట. శత్రువుకు సరుకు మోస్తున్నారని నేరం మోపారు. ఓడలోని పదిహేడు మందినీ ఎక్కడో మూసిపెట్టారు. డోంగ్రీలో ఇంకో ఖలాసీ ఇంటికి టెలిగ్రాం వస్తే మాకు తెలిసింది.

ఏజెంటు దుకాణానికి తాళం పడింది. ఎవర్ని అడిగినా సముద్రం మా హద్దు కాదంటున్నారు. నువ్వేమో దేశాల మధ్య ఒప్పందాల కాగితాలు చూసే సర్కారు ఆఫీసులో గుమస్తావని గల్లీ అంతా గొప్పగా చెప్పుకుంటుంది. ఆ ఒప్పందాలు మనలాంటి వాళ్ళకు ఏమైనా పనికొస్తాయా, బీరువాలో చెదలకేనా? ఆయన భార్య, మా యారాలు గంగవ్వ ముద్ద ముట్టడం లేదు.

మీ బావ పని మీద ఊరికి పోయాడు. బాగానే ఉన్నాడు. మా యాదమ్మ మూడో తరగతికి వచ్చింది, తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెప్తుంది.

నీ అక్క
వజ్రమ్మ


రామకృష్ణాపురం,
కొత్త ఢిల్లీ.
1 సెప్టెంబరు 1985

వజ్రమ్మక్కకు శివరాం నమస్కారాలు.

నీ ఉత్తరం అందిన రోజే భోజనాల వేళ పై అంతస్తుకు పోయి వాకబు చేశాను. పదిహేడు మందీ బతికే ఉన్నారు. ముందు ఆ మాట గంగవ్వక్కకు చెప్పు, మిగతాది తర్వాత చదువు.

చిక్కు ఎక్కడుందంటే, ఓడ యజమానిది ఒక దేశం, ఓడ మీద ఎగిరేది పనామా జెండా. సముద్రంలో ఓడ ఏ దేశపు జెండా ఎత్తితే ఆ దేశానిదే అవుతుంది. దాని తరఫున మాట్లాడాల్సింది ఆ దేశమే. పైగా యుద్ధంలో ఉన్న దేశానికి దారిన పోయే సరుకు ఓడను ఆపి సోదా చేసే హక్కు ఉంది. కాబట్టి ఓడ సంగతిలో మనం చేయగలిగింది తక్కువ.

మనుషుల సంగతి వేరు. ఇరవై రెండేళ్ళ కింద వియన్నాలో దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. పరాయి దేశం మన మనిషిని పట్టి ఉంచితే, అతను కోరినప్పుడు మన రాయబార కార్యాలయానికి చెప్పాలి. మనవాళ్ళు పోయి అతన్ని చూడొచ్చు, మాట్లాడొచ్చు. దాన్ని మనమూ ఒప్పుకున్నాం, ఆ దేశమూ ఒప్పుకుంది. ఆ దేశం పేరు ఉత్తరంలో రాయను, నా ఉద్యోగం అలాంటిది.

కానీ అతను మా మనిషే అని ముందు మనం చూపించాలి. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. దానికి తోడుగా రేషన్ కార్డు నకలు, ఇతను నా భర్తే అని గంగవ్వక్క వేలిముద్ర వేసిన కాగితం పంపించు. కామాఠీపుర అంటే వేశ్యవాడ అని మాత్రమే తెలిసిన కొందరు ఇక్కడ ఆ చిరునామా చూడగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను పుట్టిందీ అక్కడేనని చెప్పాను. అప్పటి నుంచి చూసుకోవడం మానేశారు.

నర్సింహులు బావ ఎలా ఉన్నాడు? అన్న చెరలో ఉంటే తను ఒక్క ముక్కయినా రాయకపోవడం నాకు వింతగా ఉంది.

నీ తమ్ముడు
శివరాం


కామాఠీపుర, బొంబాయి.
22 సెప్టెంబరు 1985

చిరంజీవి శివరాంకు,

నీ ఉత్తరం గంగవ్వకు చదివి వినిపించాను. "బతికే ఉన్నారు" అన్న చోట ఆపి, "గా మాట మల్లొక్కసారి సదువు" అంది. మూడుసార్లు చదివాను. ఆ చోట నేనూ కాసేపు ఆగాల్సి వచ్చింది.

నువ్వడిగిన కాగితాలు ఇందులో ఉన్నాయి. గంగవ్వ వేలు పట్టుకుని నేనే ముద్ర వేయించాను. కొంచెం అలికినట్టు పడింది, ఏమీ అనుకోవద్దని మీవాళ్ళకు చెప్పు.

ఓడ ఒకడిది, జెండా ఇంకొకడిది, అందులో చాకిరీ చేసేది మనవాళ్ళు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టుంది. ఆ రెండు దేశాలకూ చెప్పు, మా వాళ్ళకు వాళ్ళ యుద్ధంతో పని లేదని.

రాయడమంటే మీ బావకు ఎంత బద్ధకమో నీకు తెలియంది కాదు. ఊరి నుంచి రాగానే కూర్చోబెట్టి రాయిస్తాను.

వజ్రమ్మ


కొత్త ఢిల్లీ.
24 నవంబరు 1985

అక్కా,

ఈసారి క్షేమ సమాచారాలు అడగను. నేను చెప్పేది విను.

ఈ నెల అయిదున మన రాయబార కార్యాలయం అధికారి ఓడవాళ్ళను చూశాడు. ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చారు, కాపలావాడి ఎదుటే. ఆయన రాసిన నివేదిక నకలు నా బల్ల మీదికి వచ్చింది. మొగులయ్య పేరు పక్కన ఇట్లా ఉంది: పాస్‌పోర్టు ప్రకారం వయసు నలభై ఆరు, చూడబోతే ముప్పై అయిదు దాటినట్టు లేడు, ఎడమ కనుబొమ మీద పాత గాయం మచ్చ, భార్య పేరు అడిగితే ముందు వజ్రమ్మ అని, వెంటనే దిద్దుకుని గంగవ్వ అన్నాడు.

దుఃఖంలో తడబడి ఉంటాడని ఆ అధికారి అనుకున్నాడు. కానీ ఆ మచ్చ నాకు తెలుసు. నాకు పన్నెండేళ్ళప్పుడు గిల్లీదండా ఆటలో నేను కొట్టిన గిల్లీ తగిలి నర్సింహులు బావకు పడిన దెబ్బ అది. నువ్వే పసుపు పెట్టి కట్టు కట్టావు.

అక్కడ ఉన్నది ఎవరు? పెద్ద బావ ఎక్కడున్నాడు? నాతో నువ్వు ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఇప్పుడు ఆడావంటే నమ్మలేకపోతున్నాను.

శివరాం


కామాఠీపుర, బొంబాయి.
8 డిసెంబరు 1985

తమ్ముడికి,

ఆడాను. సిగ్గుపడుతున్నాను, కానీ మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ ఆడతాను.

అక్కడ ఉన్నది మీ బావే. నా మొగుడే. పెద్ద బావ ఈ గదిలోనే, దుప్పటి తెర వెనక పడుకుని ఉన్నాడు. ఇది రాస్తుంటే దగ్గు వినబడుతోంది.

ఓడ ఉద్యోగం ముందు వచ్చింది పెద్ద బావకే. పాస్‌పోర్టు ఆయనదే, ఖలాసీ పుస్తకం ఆయనదే. ఎక్కాల్సిన వారంలో రక్తం కక్కాడు. ఇరవై ఏళ్ళు మిల్లులో పీల్చిన దూది ఊరికే పోతుందా. కొత్త కాగితాలు చేయించాలంటే ఏడాది పడుతుందన్నాడు ఏజెంటు. ఇంట్లో అయిదుగురం, ఎవరికీ పని లేదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ముఖం. అప్పుడు మీ బావ లేచి, "నేను బదలీ పోత" అన్నాడు.

ఢిల్లీ నీళ్ళు తాగి మరిచావేమో, ఇట్లా ఒకరి బదులు ఇంకొకరు పోవడం మనవాళ్ళకు తప్పని తోచదు. మిల్లులో అన్నకు జ్వరమొస్తే తమ్ముడు అన్న హాజరు బిళ్ళ జేబులో వేసుకుని పోయి మగ్గం ముందు నిలబడేవాడు. మేస్త్రీ ముకద్దం ఎరిగి ఎరిగీ ఊరుకునేవాడు, మగ్గం నడిస్తే ఆయనకు చాలు. మన నాయన మా మామ బిళ్ళ మీద ఆర్నెల్లు అట్లాగే పనిచేశాడు. ఓడ కూడా ఇంకో మిల్లు అనుకున్నాం. చేసే చెయ్యి సరిగ్గా ఉంటే పేరుతో ఎవరికి పని అనుకున్నాం.

ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. ఎవడిదో ఓడ పనామా జెండా ఎత్తుకుని తిరుగుతోందని నువ్వే రాశావు. ఓడకు బదలీ జెండా ఉంటే చట్టం, నా మొగుడికి బదలీ పేరు ఉంటే దొంగతనమా?

పోయిన నెల రెడ్‌క్రాస్ వాళ్ళ కార్డు వచ్చింది. "గంగవ్వకు, నేను బాగున్నాను, ఫికర్ చేయకు, మొగులయ్య" అని. రాత మీ బావది. గంగవ్వ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అక్కడ ఆ అధికారి ముందు ఆయన నోట ముందు నా పేరే వచ్చిందని నువ్వు రాస్తే, నీ మీద కోపం రావాల్సింది పోయి నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

వజ్రమ్మ


కొత్త ఢిల్లీ.
17 జనవరి 1986

అక్కకు,

నెల పైన ఆలోచించి రాస్తున్నాను.

నీ ప్రశ్నకు జవాబు. ఓడ జెండా మార్చుకోవడం చాటుగా జరగదు. ఏ దేశపు రిజిస్టరులో ఉందో ఎవరైనా పోయి చూసుకోవచ్చు. అది న్యాయమని నేను అనను, కానీ అందరి ఎదుటా చెప్పిన మాట అది. మీది దాచిన మాట.

మన చాల్‌లో నలభై ఇళ్ళకూ ఒకటే నల్లా కదా. అక్కడ పోలీసు లేడు. అయినా వరసలో పెట్టిన ఇంకొకరి బిందెను ఎవరూ జరపరు, రేపు పొద్దున మళ్ళీ అక్కడికే రావాలి కాబట్టి. దేశాల మధ్య చట్టం కూడా అంతే. వాటి మీద హవల్దారు ఎవడూ లేడు. ఇవాళ మన మాట వాళ్ళు నమ్మాలి, రేపు వాళ్ళ మాట మనం నమ్మాలి. మన దేశం పదిహేడు పేర్లు రాసి, వీళ్ళు మా మనుషులే, విడిచిపెట్టండి అని సంతకం పెట్టి పంపబోతోంది. ఆ జాబితా సరిచూసే పని నాకే అప్పగించారు. అందులో ఒక్క పేరు తప్పని వాళ్ళు కనిపెడితే మిగతా పదహారు మందినీ అనుమానిస్తారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ నీలాంటి వాళ్ళే ఎదురుచూస్తున్నారు.

నేను మా అధికారికి నిజం రాయక తప్పదు. నెల రోజులు ఆగుతాను. ఈలోగా పెద్ద బావను మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పించు. మీ అంతట మీరు చెప్పుకుంటే తప్పు బరువు తగ్గుతుంది. తిట్టుకో, నీకు ఆ హక్కుంది. తిట్టినా రాస్తాను.

శివరాం


కామాఠీపుర, బొంబాయి.
18 ఫిబ్రవరి 1986

శివరాంకు,

మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవడానికి పెద్ద బావ లేడు. ఈ నెల రెండున, ఆదివారం పొద్దున పోయాడు. చాయ్ అడిగాడు, గంగవ్వ తెచ్చేలోగా అయిపోయింది.

ఫోరస్ రోడ్ డాక్టరు వచ్చి నాడి చూసి, చీటీ తీసి పేరు అడిగాడు. ఆ చీటీ లేకుండా శ్మశానంలో కట్టెలు పేర్చనివ్వరు. మొగులయ్య అని రాయిస్తే మొగులయ్య చచ్చినట్టు మునిసిపాలిటీ పుస్తకంలో పడుతుంది. అప్పుడు అక్కడ చెరలో ఉన్నవాడు ఎవడు? అదంతా నాకు ఆ నిమిషంలోనే తట్టింది. కానీ నా మొగుడి పేరు శవానికి పెట్టమని నేనెట్లా అంటాను?

గంగవ్వ అంది. పెనిమిటి కాళ్ళ దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా, "నర్సింహులు అని రాయున్రి డాక్టర్‌సాబ్" అంది. వయసు అడిగితే మీ బావ వయసు చెప్పింది.

పదకొండో రోజు కులపెద్ద పెద్దయ్య, "గాజులు తియ్యాలె బిడ్డా, ఆచారం తప్పొద్దు" అన్నాడు. గంగవ్వ లేచి నిలబడి, "ఢిల్లీకెల్లి విచారణకు వస్తరంట. నా నొసలు బోడిగ కనబడితె ఆడ నా మరిది పానం పోతది. ఆయన ఒడ్డెక్కిందంక నేను ముత్తైదునే" అంది. గల్లీ ఆడవాళ్ళందరికీ నోరు విప్పొద్దని పెద్దయ్యే చెప్పి పోయాడు.

విచారణకు హవల్దారు వచ్చాడు. గంగవ్వ బొట్టు పెట్టుకుని ఎదురుపోయి జవాబులు చెప్పింది. ఈ ఇంట్లో ఈ మధ్య చచ్చినవాడి పెళ్ళాం ఎవరని అడుగుతాడేమోనని నేను బొట్టు తుడుచుకుని మూలన కూర్చున్నాను. బతికున్న మొగుడికి, శివరాం. నేను ఏడవాలి, ఆమె ఏడవకూడదు. హవల్దారు పోయాక నేను పరుగెత్తి బొట్టు పెట్టుకున్నాను, ఆమె గిన్నెలు ముందేసుకుని తోముతూ కూర్చుంది. పదహారు రోజులుగా ఆమె గొంతెత్తి ఏడవడం ఎవరూ వినలేదు.

నీ గడువు నిన్నటితో తీరింది. రాయాలనుకుంటే రాయి, నీ మీద పగ పెట్టుకోను. కానీ గంగవ్వ ఏం ఇచ్చిందో తెలిసి రాయి.

వజ్రమ్మ


కొత్త ఢిల్లీ.
9 మార్చి 1986

అక్కకు,

పెద్ద బావ కోసం ఇక్కడ నేనొక్కణ్ణే మైల స్నానం చేశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

నోటు రాశాను. నాలుగు పేజీలు, కింద సంతకం. పై అధికారికి ఇచ్చే ముందు, ఎవరి కథో చెప్తున్నట్టు మా ఆఫీసులో పాతికేళ్ళు చేసిన ఒక పెద్దమనిషిని అడిగాను. యుద్ధం నడిచే చోట పరాయి పేరుతో దొరికినవాణ్ణి ఎవరూ ఖలాసీ అనరయ్యా, గూఢచారి అంటారు, అన్నాడాయన. గూఢచారిని ఏం చేస్తారో నీకు చెప్పక్కర్లేదు.

ఆ రోజంతా వియన్నా ఒప్పందం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అది రాసినవాళ్ళు పాస్‌పోర్టును కాపాడాలని రాయలేదు, పరాయి నేల మీద దిక్కులేకుండా పడ్డ మనిషిని కాపాడాలని రాశారు. అక్కడ ఉన్నది మన మనిషే. ఆ మాట వరకు అబద్ధం లేదు. పేరు మాత్రం అబద్ధం. ఇది న్యాయమో, మా అక్క మొగుడు కాబట్టి నాకు న్యాయంగా కనబడుతోందో చెప్పలేను. భయంగా ఉంది అక్కా.

పదిహేడు పేర్లూ సరిగ్గా ఉన్నాయని నిన్న సంతకం పెట్టాను. ఓడనూ సరుకునూ ఉంచుకుని మనుషుల్ని విడిచిపెట్టడానికి వాళ్ళు ఒప్పుకునేలా ఉన్నారు.

నోటు చింపలేదు. పదిహేడు మందీ మన నేల మీద కాలు పెట్టిన మర్నాడు తారీకు వేసి మా అధికారికి ఇస్తాను. నా ఉద్యోగం పోవచ్చు. బావ మీద కేసు కావచ్చు. కానీ అది మన కోర్టు, పక్కన నేను నిలబడతాను. గంగవ్వక్కకు నా దండం చెప్పు.

శివరాం


కామాఠీపుర, బొంబాయి.
12 జూన్ 1986

చిరంజీవి తమ్ముడు శివరాంను అక్క దీవించి రాసేది.

మీ బావ వచ్చాడు. మొన్న మంగళవారం, పదిహేడు మందీ ఒకే విమానంలో దిగారు. సహార్ విమానాశ్రయానికి నేను, గంగవ్వ, యాదమ్మ పోయాం. నన్నూ యాదమ్మనూ కటకటాల ఇవతలే ఆపారు, భార్యను మాత్రమే లోపలికి రమ్మన్నారు. గంగవ్వ పోయింది.

బల్ల దగ్గర అధికారి, నీ భర్త పేరు చెప్పమ్మా అని అడిగాడు. మన ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరని ఆయనకేం తెలుసు. గంగవ్వ జాబితా మీద వేలు పెట్టి చూపించింది. అదే వేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నారు. మీ బావ చిక్కి సగమయ్యాడు. గంగవ్వ వెనక తల దించుకుని నడిచి వస్తూ, కటకటాల దగ్గర నన్ను చూసి ఆగిపోయాడు. నేను కదల్లేదు. బయటికి వచ్చి రోడ్డు దాటేదాకా ఆయన చెయ్యి పట్టుకోలేదు.

టాక్సీలో, "అన్న ఎట్లున్నడు?" అని అడిగాడు. "ఇంటికి పోదాం పా" అంది గంగవ్వ.

ఇంట్లో దుప్పటి తెర తీసి చూశాడు. ఖాళీ మంచం. మీ బావ అట్లాగే నేల మీద కూలబడ్డాడు. గంగవ్వ మంచినీళ్ళు తెచ్చి ఆయనకిచ్చి, తాగేదాకా నిలబడి, గ్లాసు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇగ నీ పేరు నువ్వు తీస్కో నర్సింహులూ" అంది. "నా మొగని పేరు నాకియ్యి. ఏడ్చుకుంట."

మొగులయ్యా అని అరిచింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఇన్ని నెలలు కాగితాల మీద దానికి వేలిముద్రలు వేసింది గాని ఒక్కసారి పలకలేదు. ఇప్పుడు మొగులయ్యా, మొగులయ్యా అని గుండెలు బాదుకుంటూ పిలుస్తూనే ఉంది. చాల్ నలభై ఇళ్ళూ మా గుమ్మం ముందుకు వచ్చాయి. సాయంత్రం నల్లా దగ్గర గాజులు పగలగొట్టారు. ఆ నాలుగు నెలల ఆచారం ఒక్క పూటలో చేశారు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. నా మొగుడు తిరిగి వచ్చిన రోజు నాకు పండుగ కాలేదు, కాకూడదు కూడా.

నీ నోటు ఈపాటికి ఇచ్చే ఉంటావు. మీ బావ కేసుకు సిద్ధంగా ఉన్నాడు. నువ్వు పక్కన నిలబడతానన్నావని చెప్పాను. ఒకవేళ ఇంకా ఇవ్వకపోతే, అందులో ఒక వాక్యం కలుపు. కామాఠీపుర పదకొండో గల్లీలో ఉండే మొగులయ్య 1986 ఫిబ్రవరి రెండున, ఆదివారం పొద్దున చనిపోయాడని రాయి. ఆ మాట సర్కారు పుస్తకంలోకి ఎక్కిన రోజు నాకు తెలియజేయి. గంగవ్వ నిన్నటి నుంచి అడుగుతూనే ఉంది.

నీ అక్క
వజ్రమ్మ